రెండు పూటల మౌనం

తీర సేవా విభాగం వారి బెజవాడ ఆఫీసులోంచి సముద్రం చుక్క కూడా కనబడదు. మేడ మీది కిటికీ తెరిస్తే ఏలూరు కాలవ, గట్టున కట్టేసిన గేదెలు, ఆరేసిన చీరలు, అంతే. అయినా అరవై మైళ్ళ అవతల నాలుగు లాంచీలు ఎక్కడ తిరగాలో, రోజుకు ఎన్నిసార్లు నోరు విప్పాలో నిర్ణయించేది ఆ గదే. అక్కడ ఫ్యాను కింద కూర్చుని సముద్రాన్ని ఏలుతున్న మనిషి పేరు బసవపున్నయ్య, సూపరింటెండెంటు. ఆయన జన్మలో లాంచీ ఎక్కింది ఒక్కసారి. అదీ రేవులో కట్టేసి ఉండగా, ఫొటో కోసం.

ఆయన కింద వైర్‌లెస్ ఆపరేటరు జక్కయ్య. పామర్రు పక్క పల్లెవాడు. తండ్రి పాలేరుతనం చేసి చదివిస్తే మిషన్ స్కూల్లో చదువుకుని, ఈ కుర్చీలోకి వచ్చాడు. చెవులకు తగిలించుకునే ఆ రెండు డిప్పలూ, ముందున్న మైకూ, పెద్ద రిజిస్టరూ, ఇవే అతని ఆస్తి. మనిషి మెత్తన. ఎవరి ముఖమైనా చిన్నబోతే చూడలేడు. ఈ కథలో జరిగిన ఘోరమంతా ఆ మెత్తదనం చేసిందే కాబట్టి ముందే చెబుతున్నాను.

ఆ ఆఫీసుకు ఏడో నంబరు నిబంధన అని ఒకటి ఉంది. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి లాంచీ నడిపే ప్రతి సరంగూ మైకులో మాట్లాడాలి. ఎక్కడున్నాం, గాలి ఎటుంది, డీజిలు ఎంతుంది, మనుషులెందరు. చివర ‘అంతా క్షేమం’ అనాలి. ఒక పూట పలక్కపోతే సరంగుకి మెమో. వరసగా రెండు పూటలు పలక్కపోతే ఆ లాంచీకి ఏదో జరిగిందని అర్థం. మిగతా లాంచీలు చేతిలో పని వదిలేసి వెతకడానికి పోవాలి. హైదరాబాదుకు టెలిగ్రాం కొట్టాలి. ఆ నిబంధన రాసినవాడెవడో గాని బుద్ధిమంతుడు. నీళ్ళలో కొట్టుకుపోయేవాడు కొట్టుకుపోతున్నానని మైకులో చెప్పలేడు. వాడు పలక్కపోవడమే వాడు పంపే కబురు.

అంత మంచి నిబంధన బసవపున్నయ్య చేతిలో పడింది. ఎమర్జెన్సీ వచ్చాక ఆయనకు క్రమశిక్షణ పట్టుకుంది. గోడ మీద ఒక చార్టు పెట్టించి, అందులో ‘గాలింపులు’ అన్న గడిలో ఎర్ర సిరాతో సున్నా రాయించాడు. హైదరాబాదు నుంచి ఏ అధికారి వచ్చినా ముందు ఆ సున్నా చూపించేవాడు. ఒక పూట రిపోర్టు పోతే మెమోతో ఆగేవాడు కాదు, ఆ లాంచీలో ముగ్గురికీ వారం సెలవు కోసేసేవాడు; ఆ వారమంతా లాంచీ దిగి ఇంటికి పోవడానికి లేదు.

మూడో నంబరు లాంచీ సరంగు శౌరయ్య. నాగాయలంక దాపున ఇల్లు. జక్కయ్యకు చుట్టరికమేమీ లేదు. అతను లూథరన్, శౌరయ్య ఆర్.సి.ఎం., అంటే రోమన్ కాథలిక్కు. కాని ఏళ్ళ తరబడి రోజుకు మూడుసార్లు ఒకరి గొంతు ఒకరు వినీ వినీ ‘బావా’ అంటే ‘బావా’ అనుకునేవారు. కిందటేడు తొలకరిలో శౌరయ్య సెట్టు బ్యాటరీ చచ్చి ఒక పూట రిపోర్టు పోయింది. వారం సెలవు కోత పడింది. ఆ వారంలోనే శౌరయ్య తల్లి పోయింది. లాంచీ కట్టేసిన రేవుకు ఇల్లు మూడు మైళ్ళు. ఒక్క పూట దిగిపోయి మట్టిచేసి వస్తానని శౌరయ్య మైకులో బతిమాలాడు. “నిబంధన నిబంధనే అని చెప్పు,” అన్నాడు బసవపున్నయ్య, వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ. ఆ మాట జక్కయ్య తన నోటితో చెప్పాల్సి వచ్చింది. తరవాత శౌరయ్య, “గుళ్ళో సావు గంట కొడతన్నారు బావా. ఇక్కడికినపడతంది,” అన్నాడు.

ఆ రోజు నుంచి జక్కయ్య బదులు రిపోర్టులు మొదలుపెట్టాడు. ఏ లాంచీ అయినా ఒక పూట పలక్కపోతే, ముందురోజు రాసింది చూసి, డీజిలు రెండు లీటర్లు తగ్గించి, గాలి కాస్త అటో ఇటో తిప్పి, ‘అంతా క్షేమం’ అని తనే రాసేసేవాడు. సాయంత్రం సరంగు మాట్లాడుతూ మాటల్లో మాటగా “పొద్దుటిది సరే,” అంటే అయిపోయేది. ఏడాదిన్నరలో అలాంటివి అరవై డెబ్బై రాసుంటాడు. నలుగురు సరంగులకూ జక్కయ్య అంటే ప్రాణం. బెజవాడ వచ్చేవాళ్ళ చేత ఎండు రొయ్యలు పంపేవారు. తను పదిమందికి మేలు చేస్తున్నానని జక్కయ్యకు లోపల గొప్పగానే ఉండేది. మేలు చేసేవాడికి తను చేసేది మేలేనా అని ఆలోచించే తీరికుండదు.

నవంబరు రెండో తేదీ ఆర్.సి.ఎం. వాళ్ళకు సమాధుల పండుగ. సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదరుగారు వచ్చి ఒక్కొక్క సమాధి మీదా తీర్థం చల్లుతారు. మట్టి వెయ్యలేకపోయిన తల్లి సమాధికి ఈ పండుగకైనా తన చేత్తో సున్నం కొట్టాలని శౌరయ్య పది రోజుల ముందే సెలవు అడిగాడు. బసవపున్నయ్య ఇవ్వలేదు. పైగా ఒకటో తేదీ సాయంత్రం ఆరింటి రిపోర్టు వేళకు తనే వచ్చి జక్కయ్య కుర్చీ వెనక చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“మూడో నంబరూ, ఏటిమొగ కాడ ఇసుక మేట మీద దీపం ఆరిపోయిందంట. రేపు తెల్లారేతలికి వెలగాలని సార్ ఆర్డరు,” అన్నాడు జక్కయ్య. మొగంటే ఏరు సముద్రంలో కలిసే చోటు.

“అట్టాగే. నాలుగింటికే బయల్దేరతాం,” అన్నాడు శౌరయ్య. “బావా, రేపు నేను సమాధుల కాడికి పోవట్లా. దీపం పనికే పోతన్నా. ఆరింటికి నేనే మాట్లాడతా, పన్నెండింటికీ నేనే మాట్లాడతా. ఇన్నావా?”

“ఇన్నా బావా.”

“మొగలో కెరటం బాగా లేదు. నేనే మాట్లాడతా.”

జక్కయ్యకు నవ్వొచ్చింది. ఆపుకున్నాడు. వెనక పెద్దాయన నిలబడ్డాడని బావ పసిగట్టాడు, ఎంత చక్కగా అప్పజెబుతున్నాడు అనుకున్నాడు. ఏ కొడుకు పోకుండా ఉంటాడు? తెల్లారి సున్నం బకెట్టు పట్టుకుని తల్లి దగ్గరికి పోతాడు, దీపం సంగతి మధ్యాహ్నం చూస్తాడు, ఈ రెండు పూటలూ నన్ను చూసుకోమంటున్నాడు. ఇదీ జక్కయ్యకు అర్థమైంది. మనిషి ఉన్నదున్నట్టు చెప్పిన మాట వినడం ఏడాదిన్నరలో ఆ చెవులు మరిచిపోయాయి.

రెండో తేదీ పొద్దున ఆరింటికి ఒకటో నంబరు పలికింది, రెండు పలికింది. నాలుగో నంబరు, మొగ దగ్గర నీళ్ళు బాగా లేచాయనీ, తను కాలవలోకి వచ్చేస్తున్నాననీ చెప్పింది. మూడో నంబరు పలకలేదు. నిబంధన ప్రకారం మూడుసార్లు పిలిచాడు. పిలుస్తున్నప్పుడు అతనికి మోచేతుల దాకా సున్నం పూసుకున్న శౌరయ్య కనిపిస్తున్నాడు. కలం తీసి తీరుబాటుగా రాశాడు. గాలి ఈశాన్యం. డీజిలు నలభై రెండు. మనుషులు ముగ్గురు. అంతా క్షేమం.

పన్నెండింటికీ మూడో నంబరు పలకలేదు. కిటికీ రెక్క గాలికి కొట్టుకుంటోంది. జక్కయ్య లేచి గొళ్ళెం పెట్టి వచ్చాడు. ఒక్క నిమిషం కలం పట్టుకుని ఆగాడు. నాలుగో నంబరు పొద్దున అన్న మాట గుర్తొచ్చింది. కాని రెండో పూట ఖాళీగా వదిలితే గాలింపు మొదలవుతుంది. లాంచీలు వెళ్ళి శౌరయ్యను సమాధుల దగ్గర పట్టుకుంటాయి. అప్పటికే శౌరయ్యకు రెండు మెమోలున్నాయి. మూడోది పడితే లాంచీ దింపేస్తానని బసవపున్నయ్య రాసిచ్చి ఉన్నాడు. బావ ఉద్యోగం నా కలం మొనమీద ఉంది అనుకుని, డీజిలు నలభై చేసి, రాసేశాడు. తరవాత క్యారేజీ విప్పి గోంగూర పచ్చడి కలుపుకుని కడుపు నిండా తిన్నాడు.

సాయంత్రం ఆరింటికీ శౌరయ్య గొంతు రాలేదు.

అది ఎప్పుడూ జరగలేదు. ఎక్కడికి పోయినా సాయంత్రానికి వచ్చి “పొద్దుటిది సరే,” అనేవాడు. జక్కయ్య మూడుసార్లు కాదు, ముప్పైసార్లు పిలిచాడు. నిన్నటి మాటలు ఒక్కొక్కటే చెవుల్లో తిరిగాయి. సమాధుల కాడికి పోవట్లా. కెరటం బాగా లేదు. నేనే మాట్లాడతా. అన్నన్నిసార్లు అన్నాడే! అప్పజెప్పడం కాదు, వద్దని చెప్పాడు. జక్కయ్య చెవుల మీంచి డిప్పలు లాగేసి లేచాడు.

బసవపున్నయ్య సొరుగులకు తాళాలు వేసుకుంటున్నాడు.

“సార్, మూడో నంబరు పలకట్లేదండి. గాలింపు పంపాలండి.”

ఆయన రిజిస్టరు తెప్పించుకుని కళ్ళజోడు పెట్టుకున్నాడు. “పన్నెండింటికి మాట్లాడాడుగా? ఒక్క పూటేనయ్యా పోయింది. రెండో పూట రేపు పొద్దున ఆరింటికి.”

“ఆ రెండూ నేను రాసినయ్యండి. శౌరయ్య నిన్న సాయంత్రం నుంచీ మాట్లాడలేదండి.”

అరుస్తాడనుకున్నాడు. అరిస్తే బాగుండేది. బసవపున్నయ్య నెమ్మదిగా కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. “తలుపెయ్యి,” అన్నాడు. “నాకు తెలియదనుకున్నావా? ముదనష్టపు బ్యాటరీలతో నాలుగు లాంచీలు ఏడాదిన్నర పాటు ఒక్క పూటైనా తప్పకుండా పలికాయంటే నమ్మడానికి నేనేమన్నా పసివాణ్ణా? నీ పని నువ్వు చేశావు, నా సున్నా నాకుంది. ఇద్దరం బాగానే ఉన్నాం కదా?”

“గాలింపు సంగతి చెప్పండి సార్,” అన్నాడు జక్కయ్య.

“సరే, గాలింపు పంపుతాను. ఇదిగో కాగితం. దొంగ రిపోర్టులు రాశానని రాసివ్వు. రాయించుకున్న నలుగురు సరంగుల పేర్లూ రాయి. ఈ రోజుల్లో ఇట్లాంటి కాగితం ఎక్కడికి పోతుందో, పోయినవాళ్ళు ఎప్పుడొస్తారో నీకు నేను చెప్పక్కర్లేదు. నాలుగు లాంచీలు, పన్నెండు ఇళ్ళు. నీదొకటి. రాయవయ్యా.” కలం మూత కూడా ఆయనే తీసి ఇచ్చాడు. తరవాత గొంతు మార్చి, బుజ్జగింపుగా అన్నాడు. “పండగ కదా. మీ బావ ఏ సమాధి పక్కనో రెండు ముంతలు పట్టించి పడుకుని ఉంటాడు. పొద్దున ఆరింటికి పలక్కపోతే ఆరూ అయిదుకి నేనే పంపిస్తాను. పన్నెండు గంటలే కదా!”

శౌరయ్య కల్లు ముట్టడని జక్కయ్యకు తెలుసు. అయినా ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. కాగితం తెల్లగా అలాగే ఉంది. జక్కయ్య నమస్కారం పెట్టి మెట్లు దిగాడు. దారిలో పోస్టాఫీసు ఇంకా తెరిచే ఉంది. బందరు రేవుకు ట్రంకు కాల్ చేసి, అక్కడ కట్టేసి ఉన్న ఒకటో నంబరు సరంగుతో ఒక్క మాట అంటే, కాగితాలతో పనిలేకుండా అతను ఇంజను వేసేవాడు. ఆ సంగతి జక్కయ్యకు తట్టింది. తట్టలేదని ఎవరైనా అంటే నమ్మకండి. తట్టింది, ఆగాడు, మళ్ళీ నడిచాడు.

మర్నాడు ఆరింటికి మూడో నంబరు పలకలేదు. ఆరూ అయిదుకి బసవపున్నయ్య అన్న మాట ప్రకారం గాలింపు పంపాడు. మనిషి మాట తప్పడు. పదింటికి ఇసుక మేట పక్కన బోర్లాపడ్డ లాంచీ దొరికింది. దాని వీపు మీద, తాడుతో నడుముకు కట్టేసుకుని, ఇంజను డ్రైవరు ఆమోసు ఒక్కడే ఉన్నాడు, ఊపిరితో. శౌరయ్య మడచెట్లలో దొరికాడు. ఖలాసీ లాజరు మూడో రోజున దొరికాడు.

జక్కయ్య బందరు ఆస్పత్రికి వెళ్ళాడు. ఆమోసు పెదవులు ఉప్పుకు చిట్లిపోయి ఉన్నాయి. జక్కయ్యను చూడగానే లేవబోయాడు. అడక్కుండానే చెప్పడం మొదలుపెట్టాడు.

“అయిదింటికి తిరగబడిందన్నా. చీకటి ఇంకా పోలా. లాజరు అప్పుడే పోయాడు. నేనూ సరంగూ పైకెక్కాం. ఆరయింది. సరంగేమో, ‘ఒక పూట పోయిందిరా, బావకు తెలిసిపోద్ది,’ అన్నాడు. కెరటం మీద కెరటం. పన్నెండు దాటగానే నవ్వాడన్నా, నిజంగా నవ్వాడు. ‘రెండు పూటలయిందిరా ఆమోసూ, ఇంక మనం ఏం చెయ్యక్కర్లా. నేనే మాట్లాడతానని బావకు గట్టిగా చెప్పి వచ్చా. రెండింటికల్లా ఒకటో నంబరు కనపడుద్ది చూడు,’ అన్నాడు. రెండయింది. మూడయింది. ఎవరూ రాలా. తన నడుం తాడు ఇప్పి నాకు కట్టాడు. పొద్దుగూకేప్పుడు ఏవన్నాడో తెలుసా? ‘బావ ఊరుకునే మనిషి కాదురా. బావకే ఏదో అయ్యుంటది. ఒంట్లో బాగుందో లేదో,’ అన్నాడు. ఆ తరవాత చెయ్యి జారిపోయింది.”

కాసేపు ఊపిరి పీల్చుకుని జక్కయ్య ముఖంలోకి చూశాడు. “ఆ రోజు నీకేవయిందన్నా? ఒంట్లో బాలేదా?”

“జొరం,” అన్నాడు జక్కయ్య.

నెల తిరక్కుండా హైదరాబాదు నుంచి విచారణ అధికారి వచ్చాడు. బసవపున్నయ్య రిజిస్టరు తెరిచి ముందు పెట్టాడు. ఆరింటి రిపోర్టు ఉంది, పన్నెండింటి రిపోర్టు ఉంది, గాలి దిక్కుతో సహా. లాంచీ తెల్లవారుజామునే తిరగబడిందని ఆమోసు ఒక్కడే అంటున్నాడు. ఉప్పునీళ్ళు తాగి, ఎండకు మాడి, మనిషికి మతి స్థిమితం లేదని డాక్టరు కూడా అన్నాడని రాసుకున్నారు. చివర జక్కయ్యను పిలిచారు.

“పన్నెండింటికి సరంగు నీతో స్వయంగా మాట్లాడాడా?”

బసవపున్నయ్య కిటికీలోంచి కాలవ చూస్తున్నాడు.

“మాట్లాడాడండి.”

“ఏమన్నాడు?”

“అంతా క్షేమం అన్నాడండి.”

ప్రమాదం మధ్యాహ్నం పన్నెండుకూ సాయంత్రం ఆరుకూ మధ్య జరిగిందనీ, ఆఫీసు ఏడో నంబరు నిబంధనను అక్షరాలా పాటించిందనీ తేల్చారు. గోడ మీద ఎర్ర సున్నా కొట్టేసి ఒకటి రాయించినప్పుడు మాత్రం బసవపున్నయ్య ముఖం నిజంగానే చిన్నబోయింది.

జక్కయ్య కిందికి దిగేసరికి మెట్ల దగ్గర శౌరయ్య భార్య తెరేసమ్మ కూర్చుని ఉంది. పొద్దుటి బస్సుకు వచ్చి అక్కడే ఉన్నట్టుంది. లేచి కొంగు సర్దుకుంది.

“అన్నయ్యా, నాకో మాట చెప్పు. ఆమోసు మా ఇంటికొచ్చి, పొద్దున అయిదింటికే పడవ తిరగబడిందని, మీ బావ పొద్దుగూకేదాకా నీ పేరే తలుచుకుంటా ఆ కెరటాల్లో యాలాడాడని చెప్పాడు. అది ఇన్నకాణ్ణించి నాకు ముద్ద దిగట్లా. కళ్ళు మూస్తే అదే కనపడతంది. ఆఫీసోళ్ళేమో పన్నెండింటికి బాగానే మాట్లాడాడంటన్నారు. నువ్వు చెవులారా ఇన్నోడివి. ఏదైతే అది చెప్పు. ఎంత చేదైనా తట్టుకుంటా. నిజం చెప్పు.”

అక్కడ అధికారి లేడు, బసవపున్నయ్య లేడు, కాగితమూ లేదు. జక్కయ్యను భయపెట్టేవాళ్ళు చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎదురుగా ఎండిపోయిన ముఖం ఒకటి, అంతే. ఆ ముఖం చూడలేకపోయాడు. చెప్పాను కదా, మెత్తని మనిషి.

“మాట్లాడాడమ్మా,” అన్నాడు. “పన్నెండింటికి మాట్లాడాడు. నవ్వుతానే మాట్లాడాడు. ఆ తరవాత ఏం జరిగినా ఒక్క రెప్పపాటులో జరిగిపోయుంటది. బావ కష్టపడలేదు.”

తెరేసమ్మ భోరుమంది. కాసేపటికి తేరుకుని అతని చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. “నీ నోరు సల్లగుండ. నన్ను బతికించావన్నయ్యా,” అంది. తరవాత ఆమె ముఖం గట్టిపడింది. “మరి ఆ ఆమోసు గాడికి నేనేం ద్రోహం చేశాను? ఇన్నాళ్ళూ నన్ను చిత్రవధ చేశాడే!”

జక్కయ్య ఆమె చేతిసంచీ అందుకున్నాడు. ఆమెను బస్టాండు దాకా సాగనంపి, టికెట్టు తనే కొనిచ్చాడు.

మిగతాది నాలుగో నంబరు సరంగు చెబితే తెలిసింది. ఆ ఆదివారం పూజ అయ్యాక, గుడి ముందు అందరూ చూస్తుండగా, తెరేసమ్మ చెప్పు తీసి ఆమోసును కొట్టిందట. పడుచువాడు, చెయ్యి పట్టుకుంటే ఆగిపోయేదే. పట్టుకోలేదట. చచ్చినవాడి పేరు చెప్పి ఇంటింటా కట్టుకథలు చెబుతావా అని పేటవాళ్ళు కూడా తలో మాటా అన్నారట. ఆమోసు అన్నీ విని, “పన్నెండింటికి మాట్లాడాడని ఎవరన్నారు?” అని అడిగాడట.

“జక్కయ్యన్న. తన చెవులారా ఇన్నానన్నాడు,” అందట తెరేసమ్మ.

“జక్కయ్యన్నే అన్నాడా,” అన్నాడట ఆమోసు. “అయితే నాకే మతి పోయుంటది.”